బాయిలరు కాడ ఆరిన పొత్తిగుడ్డలు

ఆ రోజుల్లో పసిపిల్ల ఉన్న ఇల్లు ఏదని ఎవరినీ అడగాల్సిన పని ఉండకపోయేది. వాకిట్ల కట్టిన తీగను చూస్తే చాలు. తాత ధోతి ముక్కలు, అమ్మమ్మ చీర చెంగులు వరుసగా వేలాడుతున్నయంటే, ఆ ఇంట్లకు కొత్త మనిషి దిగినట్టే, దిగిన మనిషి పగలనక రాత్రనక పని మీదనే ఉన్నట్టే. ఇప్పుడు కాలం మారింది. మొన్న సూర్యాపేటల మా ఇంటి పైన కిరాయికి ఉండే అమ్మాయి, చంకల ఆరు నెలల పిల్లగాణ్ని ఎత్తుకొని, చేతిల ఫోన్ పట్టుకొని కిందికి దిగొచ్చింది. "తాతయ్యా, వీనికి క్లాత్ డైపర్లు తెప్పిద్దామనుకుంటున్న. ఒకటేమో వెదురు గుడ్డంట, ఒకటేమో నూలు గుడ్డంట. దీనికి గుండీలున్నయ్, దానికి అంటుకునే పట్టీ ఉన్నది. ఏది మంచిదంటవ్?" అని అడిగింది. నన్ను సలహా అడిగేటోళ్లు ఈ మధ్య కరువైనరు. అందుకని దొరికిన అవకాశాన్ని వదలలే. "అడగవలసినోన్నే అడిగినవ్ బిడ్డా! పొత్తిగుడ్డల సంగతి నా అంత తెలిసినోడు ఈ జిల్లాల లేడు. పొత్తిగుడ్డ కోసం మిర్యాలగూడ మిల్లులన్నీ బందు పెట్టిచ్చిన మనిషిని నేను" అన్న. ఆ అమ్మాయి నోరు తెరిచింది. చంకల పిల్లగాడు కూడా తెరిచిండు. (మిల్లులన్నీ కాదు, ఒక్క మిల్లు. ఆ మిల్లు కూడా మొత్తం కాదు, అండ్ల ఒక తొట్టి. అది కూడా నేను ఆపుదామని ఆపింది కాదు. ఆ అమ్మాయికి చెప్పకుండా దాచిన ముచ్చటే మీకు చెప్తున్న, వినుండ్రి.)

అప్పుడు నేను మిర్యాలగూడల ఒక ఉప్పుడు బియ్యం మిల్లుల గుమాస్తాను. పెండ్లిచూపులప్పుడు మేనేజరు అని చెప్పిండ్రు. (చెప్పింది నేనే.) మిల్లు వెనక సందుల రెండర్రల రేకుల ఇల్లు కిరాయికి తీసుకొని ఉండేటోన్ని. మా ఇంటామెది కోదాడ. పురిటికి పుట్టింటికి పోయింది, ఆడపిల్ల పుట్టింది. ఆదివారం ఆదివారం నేను కోదాడ బస్సెక్కి పోయి చూసొచ్చేది. నేను పోయే వరకు బిడ్డ పండుకొని ఉండేది, లేచి నా మొఖం చూసిందంటే గుక్కపట్టి ఏడ్చేది. ఏడ్వంగనే ఎవరో ఒకరు వచ్చి ఎత్తుకొని లోపలికి పోయేటోళ్లు. అత్తగారింట్ల మంచం మీద కాఫీ గ్లాసు పట్టుకొని కూసుంటే, ఆ బిడ్డ నాదే అని నాకు నేనే గుర్తు చేసుకోవాల్సి వచ్చేది. ఐదో నెలల పంపిస్తమన్నరు. ఆ ఐదో నెల కోసం నేను చూసినంత ఎదురు సాగరు కాలువల నీళ్ల కోసం రైతులు కూడా చూసి ఉండరు. వచ్చింది ఐదో నెల. మబ్బును కూడా ఎంట పెట్టుకొనే వచ్చింది.

పిల్లను, పిల్లతల్లిని దిగబెట్టనీకి మా అత్తమ్మ వచ్చింది. అదే రోజు చివ్వెంల దిక్కు ఉన్న మా ఊరి నుంచి మా అవ్వ వచ్చింది. (మా దిక్కు పాతకాలపోళ్లం తల్లినే అవ్వ అంటం.) ఇద్దరూ చెరో మూట తెచ్చిండ్రు. రెండు మూటల్లనూ ఉన్నవి పొత్తిగుడ్డలే. పసిపిల్లకు కొత్తగుడ్డ కట్టవద్దని, వాడి వాడి మెత్తబడ్డ పెద్దోళ్ల బట్టలే కట్టాలని రెండిండ్లల్లనూ ఆనవాయితీ. అంతవరకు ఇద్దరికీ ఒకటే మాట. ఎవరి ఇంటి పెద్దోళ్ల బట్టలు అన్నకాడనే వచ్చింది పంచాయతి.

"వదినా, గీ గుడ్డ సూడు. మా మామ కట్టిన ధోతి. తొంబై ఏండ్లు బతికిండు. గిది కడితే నా మనవరాలు గూడ గట్లనే బతుకుతది" అన్నది మా అవ్వ, ముక్కను వెలుతురుకు పట్టి చూపిస్తూ.

"నిజమే వదిన గారూ, ఆయనతో పాటు ఈ ధోవతి కూడా తొంభై ఏళ్లు బతికినట్టుంది. ఇటు నుంచి చూస్తే అటు మీ మొహం కనపడుతోంది" అన్నది అత్తమ్మ.

"కనవడాలె మరి. కనవడితెనే మెత్తన. మీ చీర ముక్కలు మంచిగనే ఉన్నయ్ గని, జర గరుకు. సంచులు కుట్టుకోనీకి పనికొస్తయ్."

"సంచులా! మా అమ్మ కట్టుకున్న చీరండీ ఇది. చెయ్యి పెట్టి చూడండి, వెన్న!"

చెయ్యి పెట్టి చూస్తే తేలే తగాద కాదది. చేతులు పనులు చేసి మొద్దుబారి ఉంటయ్ కాబట్టి చెంప మీద పెట్టి చూడాలన్నరు. ఎవరి చెంప అంటే, అందుబాటుల ఉన్నది నాదే. ఒక చెంప మీద మా తాత ధోతి, ఇంకొక చెంప మీద మా ఆమె అమ్మమ్మ చీర రుద్దిండ్రు. నాకేమో నాలుగు రోజుల గడ్డం. రెండు గుడ్డలూ గడ్డానికి పట్టుకొని పోగులు లేచినయ్. "ఏది మెత్తన? చెప్పు బిడ్డా" అని ఒకరు, "మొహమాటం లేకుండా చెప్పండి అల్లుడు గారూ" అని ఒకరు. నేను నిండు సభల తీర్పు చెప్పినట్టు గొంతు సవరించుకొని, "రెండూ సమానమే" అన్న. ఇద్దరూ నా దిక్కు ఉరిమి చూసి, అప్పటిదాకా ఉన్న గొడవ మరిచిపోయి ఇద్దరూ ఒక్కటైపోయిండ్రు. మా ఇంటామె లోపలర్రల బిడ్డకు పాలిస్తూ కిసుక్కున నవ్వింది.

మా అవ్వ బర్రె ఈనేదున్నదని మరుసటి నాడే బస్సెక్కింది. పోయేటప్పుడు గుడ్డలు సరిపోతయో లేవో అని తను కట్టుకొని విడిచిన ఎర్ర నేత చీరను కూడా నాలుగు ముక్కలు చేసి ఇచ్చి పోయింది. "ఎరుపు రంగు దిగుతదేమో వదిన గారూ" అని అత్తమ్మ అంటే, "దిగేదుంటే గిన్నేండ్లు నా మీదనే దిగేది" అన్నది.

ఆమె బస్సు ఊరు దాటిందో లేదో, వాన మొదలైంది. నాలుగు చినుకులు పడి పోయే వాన కాదు, ముసురు. ఆకాశం మా రేకుల మీదికి ఒరిగి కూసున్నట్టు, పొద్దుందో లేదో తెల్వకుండా ఒకటే తుంపర. మా బిడ్డ మాత్రం వానతో పందెం వేసుకున్నట్టు తన పని తాను చేసుకుంట పోయింది. అప్పటి పద్ధతి మీకు తెలిసిందే, మొలతాడుకు ముందొక అంచు, వెనకొక అంచు చెక్కి గోచి పెట్టాలె. కింద నాలుగు మడతల గుడ్డ పరవాలె. తడిసిందంటే రెండూ పోతయ్, ఒక్కోసారి కింద పరిచిన బొంత, దాని మీద పండుకున్న పిల్లతల్లి చీర కూడా పోతయ్. ఇంట్ల తీగలు కట్టినం. తీగలు సాలక మంచం పట్టీల మీద, సైకిలు హ్యాండిలు మీద, చివరికి మిల్లు సేటు ఇచ్చిన దేవుని క్యాలెండరు మేకుకు కూడా గుడ్డలే. నేను అన్నం తింటుంటే ఒక చీర ముక్క నా నెత్తి మీద చుక్కచుక్క కారేది. పొయ్యి మీద ఆరబెడితే పొగ వాసన. బొగ్గుల ఇస్త్రీపెట్టె రుద్దితే ఆవిరి లేసేది గాని తడి పోకపోయేది.

ఇక్కడ నా తెలివి ఒకటి చెప్పాలె. నూలు గుడ్డ నీళ్లు తాగుతది కాబట్టే ఆరదు, తాగని గుడ్డ అయితే చిటికెల ఆరుతది కదా అని నాకు తట్టింది. నా పెండ్లి నాటి టెరిలిన్ అంగిని బిడ్డ కోసం త్యాగం చేసిన. (కాలరు చినిగి ఏడాదైంది.) కత్తిరించి, గోచి పెట్టి, "చూడుండ్రి అత్తమ్మా, ఇగ మీకు ఆరేసే బాధనే లేదు" అని బిడ్డను ఆమె ఒళ్లో పెట్టిన. నేను చెప్పింది ముమ్మాటికీ నిజమైంది. ఆ టెరిలిన్ గుడ్డ ఒక్క చుక్క కూడా తాగలే. వచ్చింది వచ్చినట్టు మొత్తం అత్తమ్మకే అప్పజెప్పింది. ఆమె బిడ్డను రెండు చేతుల మీద అట్లనే పైకెత్తి పట్టుకొని, కిందికి కారేది చూసుకుంటూ, "చాలా బాగా ఆరిందండీ అల్లుడు గారూ, గుడ్డ మాత్రం" అన్నది.

చీర మార్చుకొని వచ్చి, గడప కాడ కూసొని, ఈసారి నవ్వకుండా చెప్పింది. "అల్లుడు గారూ, నేను మాట దాచను. పిల్లకి జలుబు పట్టేటట్టుంది. రేపటికల్లా ఆరిన గుడ్డలు లేకపోతే తల్లినీ పిల్లనీ కోదాడ తీసుకెళ్లిపోతాను. మాది డాబా ఇల్లు, వంటింట్లో వెచ్చగా ఉంటుంది. దసరా వెళ్లి ఎండలు పడ్డాక పంపిస్తాను."

దసరా! ఐదు నెలలు ఆదివారాలు ఆదివారాలుగా బతికి, బిడ్డ ఇప్పుడిప్పుడే నన్ను చూసి ఏడుపు ఆపుతున్నది. ఇంకొకసారి పోయిందంటే మళ్ల మొదటికొస్తది. మా ఇంటామె దిక్కు చూసిన. ఆమె తీగ మీది తడిగుడ్డలు సర్దుతూ తలెత్తలే. ఉంటనని అంటే తల్లికి ఎదురు చెప్పినట్టు, పోతనని అంటే నాకు. అప్పుడు నా నోరు నన్ను అడగకుండనే లేచింది. "ఆరిన గుడ్డలేనా! రేపు పొద్దుటికి బస్తాలకు బస్తాలు పోస్త. మిర్యాలగూడల గుడ్డలు ఆరకపోవుడేంది అత్తమ్మా, ఇది మిల్లుల ఊరు" అన్న. ఎట్ల పోస్తనో ఆ నిమిషం నాకు తెల్వదు. మిల్లుల ఊరు అన్న మాట నా నోట్లకెల్లి బయటికి వచ్చినంకనే నాకు బాయిలరు యాదికొచ్చింది.

ఉప్పుడు బియ్యం మిల్లు చూడనోళ్లకు రెండు ముక్కలు చెప్త. వడ్లను పెద్ద పెద్ద తొట్లల్ల నీళ్లు పోసి నానబెడతరు. నానినంక ఊకతోని మండే బాయిలరు నుంచి గొట్టాల ద్వారా ఆవిరి పట్టి ఉడకబెడతరు. ఆ బాయిలరు కొట్టం ముసురైనా, తుఫానైనా వేడి పెనమే. బాయిలరు చూసే పెద్దమనిషిని మేమంతా నిప్పుల మామ అని పిలిచేది. ఆయన పని ఊక ఎగదోసుడు, ఆవిరి వదులుడు, మిగిలిన టైముల బీడీ కాల్చుడు. ఆ సాయంత్రమే తడిగుడ్డల మూట చంకల పెట్టుకొని పోయిన. "ఏంది గుమాస్తా సారూ, చాకిరేవు పెట్టినవా?" అన్నడు. "సేటుకు చెప్పకు మామా, బిడ్డ సంసారం" అన్న. "బిడ్డ సంసారమా, నీ సంసారమా?" అని నవ్వి పక్కకు జరిగిండు. గొట్టాల పక్కపొంటి తీగ కట్టి వరుసగా వేసిన. బీడీ ఒకటి కాలే లోపల గుడ్డలు ఆరి పెళపెళలాడినయ్. ఆ వెచ్చటి గుడ్డలు తెచ్చి బిడ్డకు చుట్టితే, బిడ్డ ఒక్క నిట్టూర్పు విడిచి అట్లనే నిద్రపోయింది. అంత హాయిగా ఈ ఊరికి వచ్చినంక ఎన్నడూ పండుకోలే.

అత్తమ్మ ఒక గుడ్డ తీసుకొని ముక్కు కాడ పెట్టుకున్నది. "ఇదేం వాసనండీ? పిల్లని ఎత్తుకుంటే ఉడికిన వడ్ల బస్తా ఎత్తుకున్నట్టుంది."

"అది ఈ ఊరి గాలి అత్తమ్మా."

"గాలా? గాలి ఎక్కడ ఆరేస్తున్నారో నేను కూడా ఓసారి చూడాలి" అన్నది. నేను వినబడనట్టు బయటికొచ్చిన.

ఇగ అసలు ఘట్టం తెల్లారి పొద్దుగాల జరిగింది. ముందుగా మిల్లుల ఉన్న ఒక కట్టడి చెప్తే గాని మీకు సమజ్ కాదు. ఏ మిషనో, ఏ గొట్టమో రిపేరుల ఉన్నప్పుడు దాని స్విచ్చికో, తిప్పే చక్రానికో ఎర్రగుడ్డ కట్టాలె. ఎర్రగుడ్డ కనబడితే ఎవ్వరూ దాన్ని ముట్టొద్దు. లోపల ఎవరి చెయ్యి ఉన్నదో, ఎవరి కాలు ఉన్నదో తెల్వదు కాబట్టి, కట్టినోడే వచ్చి విప్పాలె. సేటు అయినా సరే విప్పొద్దు. ఈ కట్టడి పెట్టింది సేటే. దాన్ని అందరికీ నిలబెట్టి చదివి వినిపించింది మాత్రం నేను. రెండుసార్లు.

ఆ పొద్దుగాల నేను రెండు మూటలు మోసుకపోయిన. తెల్లయన్నీ తీగకు పట్టినయ్. మా అవ్వ ఎర్ర చీర ముక్క ఒక్కటి మిగిలింది. అన్నిటికన్న వేడి ఎక్కడున్నదో చెయ్యి పెట్టి చూసి, తొట్టికి ఆవిరి వదిలే చక్రం మీద దాన్ని మంచిగ చుట్టి, గాలికి పడిపోకుండా ఒక ముడి కూడా వేసిన. (ఆ ముడి చాలా బాగా వచ్చిందని నాకు ఇప్పటికీ గుర్తు.) నిప్పుల మామ ఇంకా డ్యూటీకి రాలే. మొదటి వాయి ఆరిన గుడ్డలు తీసుకొని, నిమిషంల వస్తగదా అని ఇంటికి పోయిన.

నిమిషంల రాలేకపోయిన. ఎందుకంటే అత్తమ్మ వేడి గుడ్డలు అందుకుంటూ, "కాస్త పట్టుకోండి, నేను పాలు దించి వస్తా" అని బిడ్డను నా ఒళ్లో పెట్టింది. బిడ్డ నన్ను చూసింది. నేను ఊపిరి బిగబట్టుకున్న, ఇగ గుక్కపడతదని. గుక్క పట్టలే. నా అంగి గుండీని పిడికిట్ల పట్టుకొని, రెండుసార్లు కండ్లు ఆర్పి, నిద్రపోయింది. ఐదు నెలల్ల నా ఒళ్లో నిద్రపోవుడు అదే మొదలు. కాలు తిమ్మిరెక్కింది. మిల్లు సైరను మోగింది. కాఫీ వచ్చి చల్లారింది. నేను కదలలే. మా ఇంటామె తలుపు కాడ నిలబడి, "పనికి పోవా?" అని సైగ చేసింది. గుండీ దిక్కు చూపించిన. ఆమె నవ్వుకుంటూ పోయింది. తొట్టి సంగతి, చక్రం సంగతి, ప్రపంచం సంగతి నాకు ఆ క్షణంల గుర్తు లేదు.

బిడ్డ గుండీ వదిలినంక ఉరికిన. మిల్లు గేటు దాటంగనే ఏదో తేడా కొట్టింది. తొట్టి కాడ ఆవిరి చప్పుడు లేదు. మనుషులంతా తొట్టి చుట్టూ గుమిగూడిండ్రు. నిప్పుల మామ ఒక పక్కన నేల మీద కూసొని, ఎర్రగుడ్డకు మర్యాద ఇస్తున్నట్టు చేతులు కట్టుకున్నడు. సేటు గొడుగు ఊపుతూ తొట్టి చుట్టూ తిరుగుతున్నడు.

"తొట్టిల వడ్లు నాని నాని వాసన పట్టబోతున్నయ్! ఎవడు కట్టిండురా ఇది?"

"ఎవడో కట్టిండు సేట్. గొట్టం లోపల ఎవడన్నా ఉన్నడేమో" అన్నడు నిప్పుల మామ.

"గొట్టంల మనిషి ఎట్ల పడతడురా?"

"పడడు గని, ఎర్రగుడ్డ ఉన్నది గదా. విప్పుతే కట్టడి తప్పినట్టయితది. మీరే విప్పుండ్రి సేట్."

సేటు చెయ్యి ముందుకు పెట్టిండు, మళ్ల వెనక్కి తీసుకున్నడు. తన కట్టడి తనే ఎట్ల తప్పుతడు, అందరి ముంగట? "గుమాస్తా ఏడి? వానికి తెలిసి ఉంటది" అని అరిచిండు.

ఈ సందర్భంల నేను ఏం చేసిననో మా మనవళ్లకు ఇప్పటికి చాలాసార్లు చెప్పిన. జనాన్ని చీల్చుకుంట ముందుకు పోయి, ఛాతీ విరిచి, "సేటూ, నువ్వు బియ్యం పట్టేది ఎవరి కోసం? తినే పిల్లల కోసం కాదా? ఆ పిల్లల్లో ఒకరి గుడ్డ ఇది!" అన్న అని. ఆ మాటకు సేటు కండ్ల నీళ్లు తిరిగినయని, కూలీలు చప్పట్లు కొట్టిండ్రని కూడా చెప్తుంట. మీ దగ్గర దాచేదేమున్నది, ఆ టైముల నేను ఊక కుప్ప వెనక ఉన్న. నిలబడి లేను, కూసొని ఉన్న.

ముందుకు పోయింది మా అత్తమ్మ. నేను ఉరికింది చూసి, ఈ ఊరి గాలి సంగతేందో తేల్చుకుందామని నా వెనకనే గొడుగు వేసుకొని వచ్చింది. గేటు కాడ ఎవరో "ఎవరు కావాలమ్మా?" అంటే, "ఎవరూ వద్దు నాయనా, గుడ్డలు కావాలి" అన్నదట. జనం పక్కకు తప్పుకున్నరు. ఆమె తిన్నగా తొట్టి కాడికి నడిచి, "అయ్యో, ఇదిగో, మా వియ్యపురాలి చీర ముక్క ఇక్కడుందా!" అని, ముడి విప్పి, గుడ్డను చెంపకు ఆనించి చూసి, "శుభ్రంగా ఆరింది" అన్నది.

సేటు గొడుగు ఊపుడు ఆపిండు. "అమ్మా, అది రిపేరు గుర్తమ్మా" అన్నడు ఆఖరికి.

"రిపేరేంటండీ? మా మనవరాలి గోచి ఇది."

మిల్లు అంతా ఒక్కసారి గొల్లుమన్నది. అందరికన్న ముందు నవ్వింది నిప్పుల మామనే. నవ్వుతనే లేచి చక్రం తిప్పిండు, ఆవిరి బుస్సుమన్నది. ఆ గాలికి ఊక లేచి నా ముక్కుల పోయింది. తుమ్మిన. ఒక్క తుమ్ము కాదు. ఊక కుప్పల నుంచి నెత్తి నిండా ఊకతోని నేను లేచి నిలబడితే, జనం ఇంకో విడత నవ్విండ్రు. సేటు నన్ను చూసిండు, తీగ మీద వరుసగా వేలాడే తెల్లగుడ్డలను చూసిండు, అత్తమ్మను చూసిండు. తిట్టుదామనే నోరు తెరిచిండు గాని, పరాయి ఇంటి పెద్దామె ముంగట అల్లున్ని తిడితే బాగుండదనుకున్నడో ఏమో, గొంతు తగ్గించి, "ఆరేసుకుంటే ఆరేసుకో. ఎర్రది మాత్రం ఇంకొక్కసారి కనవడ్డదో, నిన్నే ఆ తొట్టిల నానబెడత" అన్నడు. మరుసటి నాటి నుంచి నన్ను ఊక మోయించే పనికి కాపలా పెట్టిండు. నేను ఎట్లాగూ ఊకలనే ఉన్న కదా అని.

ఆరిన గుడ్డలన్నీ మూట కట్టుకొని, ఒకటే గొడుగు కింద ఇద్దరం ఇంటికి నడిచినం. గొడుగు ఆమె చేతిల ఉన్నది, మూట నా నెత్తి మీద. ఇల్లు రాంగనే ఆమె లోపలికి పోయి సంచి దించింది. నేను గడప కాడనే నిలబడి, ఆ సంచిలకు ఏమేం పోతున్నయో చూసుకుంట ఉన్న. ఆమె చీర పోయింది. ఇంకో చీర పోయింది. అద్దకం దుప్పటి పోయింది. ఆ తర్వాత ఆమె చెయ్యి తెల్లగుడ్డల కుప్ప మీద ఆగింది. ఒక్క గుడ్డ తీసుకొని, దానితోని మొఖం మీది వాన తుడుచుకొని, మళ్ల కుప్ప మీదనే వేసింది. సంచి మూతి బిగించింది.

"అమ్మా, మేము?" అన్నది మా ఇంటామె, బిడ్డను భుజాన వేసుకొని.

"మీరుండండి. గోచి ఆరడానికి మిల్లు ఆపాడమ్మా మీ ఆయన. పిల్లని తీసుకెళ్తే కోదాడ దాకా బస్సులన్నీ ఆపుతాడు. జనాన్ని ఎందుకు ఇబ్బంది పెట్టడం?"

నేను కావాలని ఆపలేదని, ఆ ఎర్రగుడ్డ కట్టింది తెలివి తక్కువ వల్లనే అని చెప్పబోయిన. మా ఇంటామె కండ్లతోనే ఊరుకోమన్నది. ఊరుకున్న.

మధ్యాహ్నం బస్సుకు అత్తమ్మను ఎక్కించనీకి పోయిన. కిటికీ పక్కన సీటు దొరికింది. కిటికీల నుంచి నా దిక్కు చూసి, ఏదో పెద్ద మాట చెప్పబోతున్నదని నేను నిటారుగా నిలబడిన. "గోచి మరీ బిగించి కడుతున్నారు, అల్లుడు గారూ. పిల్ల నడుం మీద గీత పడుతోంది. ఇంకాస్త వదులుగా కట్టండి" అన్నది. బస్సు కదిలింది. అంతే.

బస్టాండు నుంచి ఇంటికి నడిచేటప్పుడు తుంపర పడుతనే ఉన్నది. ఆ నడిచే పిల్లగాడు, అంటే అప్పటి నేను, ఇప్పటికీ నా కండ్ల ముందు కనబడుతడు. లుంగీ పైకి మడిచిండు, జుట్టుల ఇంకా ఊక ఉన్నది, తనలో తను నవ్వుకుంటున్నడు. అత్తమ్మ ఏమన్నదని ఇంటామె అడుగుతది కదా, ఏం చెప్పాలె అని ఆలోచన. మొదట, "మా అల్లుడు మంచోడు" అన్నదని చెప్దామనుకున్నడు. స్టేషన్ రోడ్డుకు వచ్చేవరకు అది "ఇసుమంటి అల్లుడు మా వంశంల లేడు" అయింది. లారీలు ఆగే మూల కాడికి వచ్చేవరకు అత్తమ్మ బస్సు దిగి, నెత్తి మీద చెయ్యి పెట్టి, కండ్లనీళ్లు పెట్టుకున్నది. సందు మొదట్ల అయితే బస్సుల ఉన్నోళ్లంతా లేచి నిలబడ్డరు. ఇంటి తలుపు కాడికి చేరే వరకు ఆ మాట ఎంత పెరిగిందంటే, అది లోపలికి పట్టాలంటే రేకులు విప్పాల్సిందే.

తలుపు తోసిన. లోపల చప్పుడు లేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ ఒకరి వంక ఒకరు తిరిగి నిద్రపోతున్నరు. వానకు రేకులు మోగుతున్నయ్. ఇంట్ల ఒక్క తడిగుడ్డ లేదు. ఇంత పెద్ద మాట తయారు చేసుకొని వస్తే, వినేటోళ్లు లేరు. లేపుదామా అనుకున్న. తర్వాత బిడ్డ పక్కకు వంగి, నడుం మీద చూసిన. నిజమే, సన్నటి గీత ఉన్నది. మొలతాడు కింద వేలు దూర్చి గోచిని మెల్లగా వదులు చేసిన. బిడ్డ లేవలే.

ఆ పూట ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఉన్నది ఉన్నట్టు పెట్టుకొని గోడకు ఆనుకొని కూసున్న. నా బతుకుల గొప్పలు చెప్పుకోకుండా ఊరుకున్నది అదొక్కసారే. (నిద్రపోతున్నరని అన్న గాని, మా ఇంటామె పెదవులు కదిలినట్టు అనిపించింది. ఆమె ఎప్పటి నుంచి మేల్కొని ఉన్నదో, నన్ను ఎంతసేపు చూసిందో, నేను అడగలే. ఆమె కూడా ఇప్పటిదాకా చెప్పలే.)